చింతపండుతో తోమిన జల్లెడ

నేను ఒక జల్లెడను. పిండి జల్లించే జల్లెడను కాను, ఇసుక జల్లెడను అంతకన్నా కాను. మట్టి జల్లెడను. రైతు తెచ్చిన మట్టిని నీడన ఆరబెట్టి, చెక్క సుత్తితో నలిపి నాలో పోస్తారు. నాలోంచి కిందికి దిగిన దాన్నే పరీక్ష చేస్తారు, దిగని దాన్ని పారేస్తారు. ఆ నేలలో ఏముంది, ఏం లేదు అని తేల్చే పెద్ద పెద్ద మిషన్లన్నీ నా తర్వాతే. ఇది గొప్పకు చెప్పుకోవడం లేదు, మీరు మర్చిపోతారని చెబుతున్నాను. మనుషులకు మిషన్ మీద ఉండే గురి జల్లెడ మీద ఉండదు.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. నేను ఇత్తడి జల్లెడను. రాగి, జింకు కలిపి కరిగిస్తే ఇత్తడి అవుతుంది. ఇది బడిపిల్లలు కూడా చదువుకునే విషయమే. కానీ డాక్టరేటు చేసిన ఒక పెద్దమనిషికి సరిగ్గా అవసరమైన చోట ఇది గుర్తు రాలేదు. ఆ మరుపు ఖరీదు ఆయన కట్టలేదు, నేనూ కట్టలేదు. ఆండాలు అనే ఆడమనిషి కట్టింది. ఆమె కథ చెప్పడానికే ఇంత సేపూ నా గురించి చెబుతున్నాను.

నేను పుట్టింది హైదరాబాదు పాతబస్తీలో, రిక్షా కూడా తిరగని ఒక గల్లీలో. ఖాసిం సాబ్ అనే ముసలాయన సన్నని ఇత్తడి తీగల్ని అడ్డం నిలువు అల్లి, గుండ్రని చట్రంలో బిగించి, అంచు చుట్టూ టంకం వేసి నన్ను తయారు చేశాడు. పని పూర్తయ్యాక కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకుని, కన్నులన్నీ సమంగా ఉన్నాయా లేదా అని చాలా సేపు చూశాడు. అంత శ్రద్ధగా నన్ను చూసే మనిషి మళ్లీ చాలా ఏళ్లకు గానీ దొరకలేదు.

నన్ను చేయించుకున్నది ఒక హకీము. ఎండిన వేళ్లు, బెరళ్లు, గులాబీ రేకులు దంచి నాలో జల్లించేవాడు. ఆయన మందు తిన్నవాళ్లలో కొందరికి తగ్గేది, కొందరికి తగ్గేది కాదు. తగ్గనివాళ్లు వచ్చి అడిగితే, "పత్యం సరిగ్గా చెయ్యలేదు మీరు" అనేవాడు. వాళ్లు తలవంచుకుని వెళ్లిపోయేవాళ్లు. తప్పును రోగి నెత్తిన పెట్టే విద్యను నేను మొదటిసారి చూసింది అక్కడే. హకీము పోయాక కొడుకులు ఆ కొట్టును సెల్‌ఫోన్ల దుకాణం చేశారు. నన్ను గోనెసంచిలో వేసి, పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజారుకు పంపారు.

అక్కడ పాత తాళాలకీ విరిగిన ఫ్యాన్లకీ మధ్య పడి ఉంటే, కళ్లద్దాలు పెట్టుకున్న ఒకాయన నన్ను ఎత్తి చూశాడు. జేబులోంచి స్కేలు తీసి నా కన్నుల వెడల్పు కొలిచాడు. మొహం వెలిగిపోయింది. ఆయనే డాక్టర్ మార్తాండరావు. నేలల మీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్నవాడు. సర్కారు కొలువు వదులుకుని, నల్లగొండ జిల్లాలో బత్తాయి తోటలు బాగా ఉన్న ఒక పట్టణంలో 'సస్యదీపిక' అని పంట సలహా కేంద్రం పెట్టబోతున్నాడు. ల్యాబ్ సామాన్ల కంపెనీ పంపిన పెట్టెలో నైలాను వల బిగించిన ప్లాస్టిక్ జల్లెడ ఒకటి అప్పటికే ఉంది. ఆయనకు అది ఆనలేదు.

"ఇది పిల్లలు ఇసుకలో ఆడుకునే దానిలాగుంది. రైతు మనల్ని నమ్మాలంటే ముందు కంటికి ఆనాలి" అని దాన్ని పెట్టెతో సహా అటక మీదికి ఎక్కించాడు. నన్ను కిందికి దించాడు.

ఆయన ల్యాబులో ఒక ఆచారం ఉండేది. మట్టిని లోపల ఎక్కడో కాకుండా, ముందు వరండాలో, రైతు ఎదురుగానే జల్లించాలి. తన మట్టి తన కళ్ల ముందే మెరిసే ఇత్తడి జల్లెడలోంచి దిగుతుంటే రైతు కుర్చీలో ముందుకు జరిగి కూచునేవాడు. కొందరు దణ్ణం కూడా పెట్టేవాళ్లు. మనుషుల్లో నాకు ఎప్పటికీ అర్థం కానిది ఇదే. మంచిదో కాదో తెలియని దానికి కూడా, మెరిస్తే చాలు, చేతులు జోడిస్తారు.

ఆ మెరుపు నిలబెట్టే పని బుచ్చమ్మది. ల్యాబులో ఊడ్చి, తుడిచి, గ్లాసులు కడిగే మనిషి. ప్రతి గురువారం నానబెట్టిన చింతపండు, ఉప్పు కలిపి నన్ను ఒళ్లంతా రుద్దేది. పులుపు తగలగానే నా పైపొర కరిగి లోపలి కొత్త ఇత్తడి బయటికి వచ్చేది. ఇంట్లో చెంబుకైతే అది మంచిదే. మర్నాడు ఆ కొత్త ఇత్తడి మీద చల్కా అనే ఎర్ర నేలల రాళ్ల మట్టిని పోసి, చెక్కతో అదిమి అదిమి రుద్దేవాళ్లు. దసరాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, మిషన్ల పక్కనే నాకూ కొబ్బరికాయ కొట్టేవాళ్లు. ఏళ్లు గడిచిన కొద్దీ నా తీగలు సన్నబడ్డాయి. తరిగిపోయిన ఇత్తడి ఎక్కడికి పోతోందని ఎవరూ అడగలేదు. మట్టిలోకే కదా పోయేది.

రైతుల గురించి కూడా ఒక మాట అనాలి, వాళ్లను మాత్రం ఎందుకు వదలాలి? పొలమంతా తిరిగి తలా కాస్త తీసి కలిపి తెమ్మని మార్తాండరావు చెప్పి చెప్పి అలిసిపోయేవాడు. వాళ్లు మాత్రం ఎరువు కుప్ప పక్కన నల్లగా, మెత్తగా ఉన్న మట్టి ఏరి తెచ్చేవాళ్లు. పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు మట్టిని ముస్తాబు చేసి తెచ్చేవాళ్లు. "మంచి మట్టే తెచ్చిన సారూ" అని ఒకాయన గర్వంగా చెబితే, మార్తాండరావు నెత్తి కొట్టుకుని వెనక్కి పంపాడు. మట్టి తెచ్చే తీరులో అంత నిక్కచ్చి మనిషి, జల్లెడ దగ్గర కళ్లు మూసుకున్నాడు.

నాలోంచి దిగిన మట్టి లోపలికి వెళ్లి, మిషన్లో పడి, కాగితం మీద అంకెలుగా బయటికి వచ్చేది. దాదాపు ప్రతి కాగితం మీదా ఒక మాట ఉండేది: జింకు సమృద్ధి. అది నా జింకు అని కాగితానికి తెలియదు. మార్తాండరావుకు మాత్రం ఆ అంకెలు చూసి చూసి ఒక నమ్మకం బలపడింది. "మన ప్రాంతపు నేలల్లో జింకు దండిగా ఉంది. జింకు సల్ఫేటు సంచులు అమ్ముకోవడానికి దుకాణదార్లు చెప్పే మాటలు నమ్మకండి" అని రైతు సభల్లో చెప్పడం మొదలుపెట్టాడు. దుకాణదార్లు ఆయన మీద పళ్లు కొరికారు. ఒకరు కమీషన్ ఇస్తామని వస్తే గేటు దగ్గరే పంపించేశాడు. రైతుల్లో ఆయనకు దేవుడంత పేరు వచ్చింది. ఆయన దొంగ అయి ఉంటే నాకు ఇంత కడుపుమంట ఉండేది కాదు. నిజాయితీపరుడు. ఆ నిజాయితీ మీద ఆయనకున్న మురిపెమే కొంప ముంచింది.

ఆండాలు మొదటిసారి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. నలభై ఏళ్లుంటాయి. పాత చీర చింపి కుట్టిన సంచిలో మట్టి తెచ్చింది. ముస్తాబు చేసిన మట్టి కాదు, సార్ సభల్లో చెప్పినట్టే తోటంతా తిరిగి తీసి కలిపిన మట్టి. కొంగున కట్టిన ఆకులు విప్పి బల్ల మీద పరిచింది. ఆకులు మామూలు బత్తాయి ఆకులంత లేవు, చిన్నగా, కురచగా ఉన్నాయి. ఈనెలు పచ్చగానే ఉన్నా వాటి మధ్యంతా పసుపు పట్టింది.

"అయిదేండ్ల తోట సారూ. పూత వట్టే యాళ్లకు గిట్లయింది" అంది. "మా ఆయన యాదగిరి భూమి ప్లాట్లోళ్లకు ఇచ్చేద్దామంటుండు. కాపు వస్తే తోట ఉంచుదాం, రాకుంటే నీ ఇష్టమని నేనే ఒప్పుకున్న. ఈ చెట్లు బతుకుతయా బతకవా, గదొక్కటి చెప్పుండ్రి."

చెట్లు బతుకుతాయా లేదా, ఆమెకు కావలసింది అంతే. బావి నుంచి కుండలతో నీళ్లు మోసి పెంచిన చెట్లట. కొత్తగా నాటిన రోజుల్లో బోరు పడలేదట. ఇవన్నీ ఆమె నన్ను చూస్తూ చెప్పింది. అప్పుడు ఆమె మట్టి నాలోంచి దిగుతోంది.

మామూలు మాటల్లో చెబుతాను, వినండి. బత్తాయి ఆకులు అలా కావడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి, నేలలో జింకు తక్కువ కావడం. అలాగైతే జింకు సల్ఫేటు నీళ్లలో కలిపి ఆకుల మీద కొన్నిసార్లు కొడితే చాలు, చెట్టు తేరుకుంటుంది. రెండోది, గ్రీనింగ్ అనే తెగులు. చూడటానికి ఆకు మీద అదీ దాదాపు అలాగే కనిపిస్తుంది. కానీ దానికి మందు లేదు. పురుగు దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది కాబట్టి, తోట తీసెయ్యడమే దారి. ఈ రెండింటిలో ఏది అన్న దాని మీద ఆండాలు బతుకు ఆధారపడి ఉంది.

కాగితం వచ్చింది. జింకు సమృద్ధి.

మార్తాండరావు ఆకును వెలుతురుకు పట్టి చూశాడు, కాగితం చూశాడు, మళ్లీ ఆకు చూశాడు. ఆయన మొహంలో నిజంగానే బాధ కనిపించింది.

"చూడమ్మా, నీ నేలలో జింకు దండిగా ఉంది. అంటే ఇది పోషకం లోపం కాదు. గ్రీనింగ్ తెగులు. దీనికి మందు లేదు. చెట్లు ఉంచితే చుట్టుపక్కల తోటలకు కూడా అంటుకుంటుంది. తీసెయ్యి" అన్నాడు.

"ఒక్క ఏడాది సూడొద్దా సారూ?"

"చూసినా లాభం లేదు. పక్కవాళ్ల తోటలు పాడుచేసిన పాపం నీకెందుకు?"

ఆ చివరి మాట ఆమెకు గుచ్చుకుంది. ఆకుల్ని మళ్లీ కొంగున కట్టుకుని లేచింది. వాటిని అక్కడే పారెయ్యొచ్చు, అయినా కట్టుకుంది.

ల్యాబులో మిషన్ దగ్గర కూచునే అమ్మాయి ఫర్హానా. నేలల శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి కొత్తగా చేరింది. ఆండాలు వెళ్తుంటే వరండాలోకి వచ్చి, "అక్కా, ఆ ఆకులు నాకిచ్చి పోవా?" అని అడిగి తీసుకుంది. సార్ దగ్గరకు వెళ్లి ఆకు పరీక్ష కూడా చేద్దామంది. "నేలలో ఉన్నది ఆకులో లేకుండా ఎక్కడికి పోతుంది? రసాయనాలు వృథా" అని ఆయన చెవిన వేసుకోలేదు. ఆ పిల్ల తన తిండి టైములో, ఎవరికీ చెప్పకుండా ఆకుల్ని కడిగి, ఎండబెట్టి, యాసిడ్‌లో కరిగించి పరీక్ష చేసింది. ఆకుల్లో జింకు అడుగంటి ఉంది. నేలలో దండిగా ఉన్న జింకు ఆకులోకి ఎందుకు ఎక్కడం లేదని ఆమెకు నిద్ర పట్టలేదట. ఆ మాట బుచ్చమ్మతో అంటుంటే విన్నాను.

ఒక గురువారం బుచ్చమ్మ నన్ను తోముతుంటే ఫర్హానా పక్కన నిలబడి టీ తాగుతోంది. చింతపండు నీళ్లు నా మీంచి పసుపుపచ్చగా కారడం చూసింది. టీ కప్పు గట్టు మీద పెట్టేసింది. నన్ను బుచ్చమ్మ చేతుల్లోంచి లాక్కుని ట్యూబులైటు వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఖాసిం సాబ్ తర్వాత నన్ను అంత శ్రద్ధగా చూసింది ఆ పిల్లే. సన్నబడిన తీగల్ని వేలితో తడిమి, "నువ్వేనా?" అంది.

నాకు రోషం వచ్చింది. నేనెందుకవుతాను? మందు పొడులు జల్లించడానికి పుట్టినదాన్ని నేను. మట్టిలో జింకు వెతకడానికి జింకుతో చేసిన జల్లెడ పెట్టమని నేను అడిగానా? చింతపండుతో తోమమని చెప్పానా? ఈ కథలో నా తప్పు ఉందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఫర్హానా అటక ఎక్కి, దుమ్ము కొట్టుకుపోయిన నైలాను జల్లెడను దించింది. ఆండాలు సంచిలో మిగిలిన మట్టినే రెండు భాగాలు చేసి, ఒకటి నాలో, ఒకటి దానిలో జల్లించింది. రెండూ మిషన్లో పెట్టింది. నాలోంచి దిగిన మట్టిలో జింకు దండిగా ఉంది. నైలానులోంచి దిగిన మట్టిలో ఉండవలసిన దాంట్లో సగం కూడా లేదు. ఆమె రెండు కాగితాలూ, రెండు జల్లెడలూ పట్టుకుని సార్ గదిలోకి వెళ్లింది.

మార్తాండరావు చదువుకున్నవాడు. వివరించి చెప్పే అవసరం రాలేదు. కాగితాలు చూశాడు, నన్ను చూశాడు, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్లుగా సభల్లో చెప్పిన ప్రతి మాటా ఆయన మొహంలో ఒకదాని మీద ఒకటి కూలడం నేను చూశాను. అప్పుడు ఆయన మీద నాకు జాలి కూడా కలిగింది. ఆయన నోరు తెరిచాక ఆ జాలి పోయింది.

"ఎంతమందికి తెలుసు?" అని అడిగాడు.

"నాకూ మీకూ సార్. ఆండాలక్కకు ఫోన్ చేసి తోట ఆపమని చెప్పనా?"

"ఏమని చెప్తావు? మా జల్లెడ పాడైందని చెప్తావా? పొద్దున ఆమెకు చెప్తే సాయంత్రానికి జిల్లా అంతా తెలుస్తుంది. ఇంతమంది రైతులకు ఏం జవాబు చెప్పాలి మనం?" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. పాఠం చెప్పే గొంతు అది. "ఒక్క మట్టితో చేసింది ఫలితం కాదమ్మా. వేర్వేరు నేలలు తీసుకో. ఒక్కోదానికి మూడేసి రెప్లికేషన్లు పెట్టు. శాస్త్రం తొందరపడదు. ఆమె సంగతి నాకు వదిలెయ్యి, నేను కబురు పెడతా."

రెప్లికేషన్ అంటే చేసిన పరీక్షనే మళ్లీ మళ్లీ చేసి సరిచూసుకోవడం. మంచి పద్ధతే. ఇన్నేళ్లూ నన్ను వాడేటప్పుడు ఆ పద్ధతి ఎవరికీ గుర్తు రాలేదు. ఫర్హానా మంచి విద్యార్థి. సార్ చెప్తానన్నాక చెప్తారనే అనుకుని, తల వంచుకుని మట్టి మీద మట్టి జల్లించుకుంటూ కూచుంది.

నన్ను ఆ రోజు నుంచి సార్ గదిలోనే బీరువా మీద పెట్టారు. అందుకే చూశాను. ఆయన ఒకసారి ఆండాలు నంబరు తీశాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల మోగుతుండగానే కట్ చేసి, ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టాడు. కాసేపటికి అటు నుంచి ఫోన్ మోగింది. ఆండాలే చేసి ఉంటుంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ ఆయన చెయ్యలేదు. రేపు చేద్దామనుకున్నాడేమో. ఆయనకు రేపులు చాలా ఉన్నాయి.

చివరి రెప్లికేషన్ మిషన్లో ఉండగానే ఆండాలు వచ్చింది. కాళ్లకు ఎర్రమట్టి అంటుకుని ఉంది. సార్ గదిలో గుమ్మం దగ్గరే నిలబడింది.

"సారూ, మీరు జెప్పినట్టే తీసేసిన. నిన్న జేసీబీ వచ్చింది. ఒక్కొక్క చెట్టు లేస్తుంటే సూడలేక గట్టు మీద కూసున్న" అంది. కళ్లు తుడుచుకుంది. "ఏడ్సుడు వచ్చింది గని, మన రోగం పక్కోళ్ల తోటలకు అంటకుండ చేసినమని మనసుకు సెప్పుకున్న. మీరు సెప్పబట్టి తెలిసింది. మీకు శెనార్తి సారూ" అని చేతులెత్తి మొక్కింది.

ఫర్హానా అప్పుడే కాగితం పట్టుకుని లోపలికి వచ్చింది. సార్ వైపు చూసింది. ఆయన ఎవరి వైపూ చూడకుండా బల్ల మీది కాగితాలు సర్దాడు. తర్వాత, "మంచి పని చేశావమ్మా" అన్నాడు.

ఆ పిల్ల గబగబా బయటికి వెళ్లిపోయింది. కిటికీ అవతల వరండాలో గోడకు ఆనుకుని ఏడుస్తుంటే బుచ్చమ్మ ఏమైంది బిడ్డా అని అడిగింది. "ఇప్పుడు చెప్తే చెట్లు లేస్తయా బుచ్చమ్మా? ఉన్న కాస్త ధైర్యం కూడా పోతది ఆమెకు" అంది. జాలితో చెప్పలేదో, భయంతో చెప్పలేదో తనకే తెలియదని నా అనుమానం. ఆ నెలాఖరుకు ఉద్యోగం మానేసి ఎక్కడో విత్తనాల కంపెనీలో చేరింది. వెళ్తూ వెళ్తూ నన్ను ఒకసారి తడిమింది. అంతకన్నా ఆమె నుంచి ఎక్కువ ఆశించాను. మనుషుల నుంచి ఎక్కువ ఆశించడం నాకున్న దురలవాటు.

తర్వాత సస్యదీపికలో అన్నీ సక్రమంగా జరిగిపోయాయి. నైలాను జల్లెడ వరండాలోకి వచ్చింది. కాగితాల మీద 'జింకు సమృద్ధి' పోయి 'జింకు లోపం' రావడం మొదలైంది. ఇదేంటని ఒక సభలో ఎవరో అడిగారు. "మీరు ఇష్టం వచ్చినట్టు ఎరువులు గుమ్మరించి నేలలో జింకు లేకుండా చేసుకున్నారు. నేలలు మారిపోతున్నాయి, మనమే జాగ్రత్త పడాలి" అని మార్తాండరావు జవాబు చెప్పాడట. రైతులు తప్పు చేసినవాళ్లలాగా తలలూపారట. నాకు హకీము గుర్తొచ్చాడు.

నన్ను ఏం చెయ్యాలన్నది ఆయనకు పెద్ద చిక్కే అయింది. పారేస్తే ఎందుకు పారేశారని ఎవరైనా అడుగుతారు. అద్దాల పెట్టెలో పెడితే ఎవరూ అడగరు. కేంద్రం వార్షికోత్సవం నాడు ముందు హాల్లో నన్ను అద్దాల పెట్టెలో పెట్టి, 'ఈ ప్రాంతపు నేలలను తొలిసారి పలకరించిన జల్లెడ' అని కింద రాయించారు. దండ కూడా వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు.

బుచ్చమ్మ మోకాళ్ల నొప్పులతో మానేసి కూతురింటికి వెళ్లింది. ఆమె చోట ఎవరు వచ్చారో చెబితే మీరు నమ్మరు. ఆండాలు వచ్చింది. భూమి ప్లాట్లవాళ్ల చేతిలోకి వెళ్లిపోయింది. యాదగిరి వచ్చిన డబ్బుతో ట్రాక్టరు కొని కిరాయికి తిప్పుతున్నాడు. ఇంట్లో ఊరికే కూచోలేక ఆమె ఏదో పని ఉంటే చెప్పమని అడిగితే, మార్తాండరావు వెంటనే చేర్చుకున్నాడు. "ఎంత దయ గల మనిషి" అని పట్టణంలో చెప్పుకున్నారు. ఆమె కూడా చెప్పుకుంది. పొద్దునే వచ్చి ఆయన బల్ల తుడిచి, మంచినీళ్లు పెట్టి, ఆయన పాదాలకు అడ్డు రాకుండా తప్పుకునేది.

గురువారం గురువారం నన్ను అద్దాల పెట్టెలోంచి తీసి తోమడం ఆమె పనుల్లో ఒకటి. ఇత్తడి అన్నాక మెరవాలి కదా. చింతపండు పిసికి, ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లకు నలుగు పెట్టినంత మెల్లగా రుద్దేది. ఆ చేతులు కుండలు మోసిన చేతులు. వాటి కింద నేను ఎంత నలిగిపోయానో ఎవరికి చెప్పుకోను? జల్లెడకు ఒళ్లంతా కళ్లే గానీ నోరు లేదు.

ఆమె వచ్చేటప్పుడు ఒక పాత పెయింటు బకెట్టులో బత్తాయి మొక్క తెచ్చి వరండా పక్కన పెట్టుకుంది. తోట తీసేసిన రోజు ఒకే ఒక పిల్ల మొక్కను దాచుకుందట. అంతకుముందు ఏడాది ఒక చెట్టు చస్తే దాని చోట నాటిన మొక్క. దానికీ ఆకులు కురచే, మధ్యంతా పసుపే. ల్యాబు వెనకాల పరీక్షలయ్యాక మిగిలిన మట్టిని పోసే కుప్ప ఒకటి ఉండేది. ఏళ్ల తరబడి నాలోంచి దిగిన మట్టి అంతా అక్కడే, దాంతో పాటు అరిగిపోయిన నా ఇత్తడీ అక్కడే. ఆమె ఆ మట్టిని బకెట్టు నిండా నింపి మొక్కను మళ్లీ నాటింది. నన్ను తోమిన నీళ్లు కూడా వృథా ఎందుకని దాని మొదట్లోనే పోసేది.

మొక్క మెల్లగా మారింది. మొదట ఒక కొత్త చిగురు వచ్చింది. అందులో పసుపు లేదు. తర్వాతి ఆకులు వెడల్పుగా, నిగనిగలాడుతూ వచ్చాయి. వానలు పడ్డాక నాలుగు పూలు కూడా పూసింది. ఆ గురువారం నేను ఆమె ఒళ్లో ఉండగా మార్తాండరావు కారు దిగి వరండాలోకి వచ్చాడు.

"సారూ, జర గిటు రాండ్రి. నా చెట్టును సూడుండ్రి" అని పిలిచింది.

ఆయన వంగి, అలవాటుగా ఒక ఆకును తిప్పి వెలుతురుకు పట్టాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఎక్కడిదమ్మా ఇది?"

"మా తోటల్దే సారూ. జేసీబీ వచ్చిన్నాడు గీ ఒక్క పిల్ల మొక్కను తెచ్చుకున్న. అప్పుడు దీనికి గూడ గదే రోగం ఉండె. పారెయ్య మనసొప్పలే."

"తగ్గే రోగం కాదు కదా అది" అన్నాడు ఆయన. ఆమెను అడిగాడో, తనకు తాను చెప్పుకున్నాడో నాకు తెలియలేదు.

"గదే నేను గూడ శాన దినాలు సోంచాయించిన సారూ. మందు లేని రోగం ఎట్ల తగ్గిందా అని. ఇప్పుడు సమజైంది."

మార్తాండరావు ఆకును ఇంకా పట్టుకునే ఉన్నాడు. నేను ఆమె ఒళ్లో పసుపు నీళ్లు కారుతూ ఉన్నాను. చెప్పు ఆండాలూ, చెప్పు, ఇప్పుడైనా ఎవరో ఒకరు చెప్పండి అని నా తీగ తీగా అరిచింది.

"మా భూమే పాపిష్టిది సారూ" అంది ఆండాలు. "మా మట్టిల సత్తువ లేదు. ఈడ, ఎనుక కుప్పల మట్టి పోసి వెట్టంగనే ఎంత మంచిగ లేసిందో సూడుండ్రి. నేనే, మా మట్టి సంగతి తెల్వక, అయిదేండ్లు దాని మీద పానం వెట్టుకుంటి. అమ్ముకునుడే మంచిగైంది."

ఆ కుప్పలో ఆమె మట్టి కూడా ఉంది. పాత చీర సంచిలో ఆమె తెచ్చిన మట్టి, ఆమె చూస్తుండగానే నాలోంచి దిగిన మట్టి. మార్తాండరావుకు ఆ సంగతి తెలుసు. చెట్లు ఇక లేవవు, భూమి తిరిగి రాదు. కానీ ఆ భూమి పాపిష్టిది కాదన్న ఒక్క మాట ఆయన చేతిలో ఇంకా ఉంది. దానికి మిషన్ అక్కర్లేదు, రెప్లికేషన్లు అక్కర్లేదు. ఆమె తలెత్తి ఆయన వైపే చూస్తోంది.

ఆయన ఆకును వదిలేశాడు. చేతులు దులుపుకున్నాడు.

"అంతే అయ్యుంటదమ్మా" అని లోపలికి వెళ్లిపోయాడు.

హకీము కనీసం నోరు తెరిచి, తప్పును తనే రోగి నెత్తిన పెట్టేవాడు. ఇక్కడ ఆయనకు ఆ శ్రమ కూడా లేకుండా ఆమే తెచ్చి తన నెత్తిన పెట్టుకుంది. ఆండాలు నన్ను కొంగుతో తుడిచి అద్దాల పెట్టెలో పెట్టింది. తలుపు వేసే ముందు, అలవాటుగా, నాకు దణ్ణం పెట్టింది.